ఇంటికి వెళ్లిన పిల్లల్నే లెక్కపెడితే సగటు బాగానే వస్తుంది

లెక్కలమాస్టారు:
ఇంట్లో భద్రత లేని పిల్లల్ని తెచ్చి వేరే చోట ఉంచే సంరక్షణ శాఖల దగ్గర కేసు రికార్డులు గుట్టలుగా ఉంటాయి. బిడ్డను ఏ తేదీన తెచ్చారు, ఎన్ని చోట్లకి మార్చారు, ఎప్పుడు వెనక్కి పంపారు, అన్నీ. వాటిని చూసి శాఖను నడపాలా వద్దా? నడపాలనే అంటాను, కాకపోతే లెక్క తిన్నగా కట్టాలి. అమెరికాలో రాష్ట్రాల మీద ఫెడరల్ సమీక్షలు మొదలైనప్పుడు ఒక కొలమానం పెట్టారు: ఇంటికి చేరిన పిల్లల్లో 76.2 శాతం మంది 12 నెలల్లోపు చేరి ఉండాలి. బాగానే ఉందిగా? మరి ఇంటికి చేరని పిల్లలు ఈ లెక్కలో ఎక్కడున్నారు? లేరు. మూడో విడత సమీక్షలకి గానీ, ఒక ఏడాదిలో వచ్చిన పిల్లలందరినీ పట్టుకుని వాళ్లలో ఎందరికి 12 నెలల్లో స్థిరమైన ఇల్లు దొరికిందో చూడలేదు.

నిప్పుకణిక:
వచ్చేశారండీ డేటా భక్తులు. పెన్సిల్వేనియాలోని అల్లెఘేనీ కౌంటీ 2016 నుంచి, పిల్లల్ని సరిగ్గా చూడట్లేదని ఫిర్యాదు వచ్చిన కుటుంబానికి, ముప్పు ఎంతో చెప్పమని కంప్యూటర్‌తో 1 నుంచి 20 దాకా స్కోరు వేయిస్తోంది. ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్ల రికార్డులే ఎక్కువ ఉంటాయి కాబట్టి పేదవాళ్లే దొరికిపోతారు. దాన్ని చూసి ఒరెగాన్ రాష్ట్రం అలాంటిదే ఇంకోటి పెట్టుకుంది, 2022లో మానేసింది. చాలా?

లెక్కలమాస్టారు:
స్కోరు అనే మాట నేనెక్కడ రాశానో చూపించండి. ఏ కుటుంబం మీదా జోస్యం చెప్పమనట్లేదు, జరిగినదాన్ని సరిగ్గా లెక్కపెట్టమంటున్నాను.

నిప్పుకణిక:
అందరూ అలాగే మొదలుపెడతారు.

పాతఫైలు:
పదకొండేళ్లు ఈ రికార్డులు నింపినదాన్ని, నన్ను చెప్పనివ్వండి. రాత్రి పదకొండుకి పిల్లాడిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తాం. ఎంట్రీ చేసే తీరిక పది రోజులకి దొరుకుతుంది, సిస్టమ్ వెనకటి తేదీ తీసుకోదు, ఆ రోజు తేదీయే పడుతుంది. ‘కారణం’ అనే గడిలో ఉన్న ఆప్షన్లలో ఒక్కటీ అతకదు, ‘ఇతరములు’ నొక్కేసి తర్వాతి కేసుకి పోతాం. వాటి మీద మీరు సగటులు కడతారా?

లెక్కలమాస్టారు:
ఏళ్ల తరబడి ఉండిపోయినవాడికి పది రోజులు అటూ ఇటూ అయితే కొంప మునగదు. అసలు తప్పు వేరే చోట ఉంది. ఏటా పదిమంది వస్తారనుకోండి, ఆరుగురు మూడు నెలల్లో వెళ్లిపోతారు, నలుగురు ఐదేళ్లుంటారు. ఏ రోజు తలుపు తీసి చూసినా లోపలున్న ఇరవయ్యొకటి, ఇరవైరెండు మందిలో ఇరవైమంది ఆ ఐదేళ్లవాళ్లే. అదే ఈ ఏడు బయటికి వెళ్లినవాళ్లని మాత్రం చూస్తే సగానికి పైగా మూడు నెలలవాళ్లే. ఒకే శాఖ, రెండు ముఖాలు. ఏది చూపించాలో పైవాళ్లకి బాగా తెలుసు.

పాతఫైలు:
నేను తేదీలంటే మీరు నలుగురూ ఆరుగురూ అంటారు. ఒక్క రాత్రి ఆ డ్యూటీ చేసి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

లెక్కలమాస్టారు:
డ్యూటీ చేయలేదు మేడం, లోపల ఉన్నాను. ఆరేళ్లు. ఒకరోజు ఎవరో పెద్దాయన వచ్చి, ఇక్కడ పిల్లలు సగటున ఎనిమిది నెలలే ఉంటారని గర్వంగా చెప్పి వెళ్లాడు. నా పక్క మంచం వాడు వేళ్ల మీద లెక్కపెట్టుకుని నా వైపు చూశాడు. వాడిది నాలుగో ఏడు. మీ ఎంట్రీ లేటయిందని నన్నిప్పుడు ఆ లెక్కలోంచి మళ్లీ తీసేయమంటారా?

వానచినుకు:
అయ్యో.

పాతఫైలు:
ముందే చెప్పి ఉండాల్సింది. లెక్క మీద కాదండీ నా కోపం. నెలాఖరు మీటింగ్‌లో తెర మీద మా పేర్లు వేసేవాళ్లు, ఎక్కువ రోజులు తెరిచి ఉన్న కేసులవాళ్లది ఎర్ర రంగు. ఎరుపు పోవాలంటే పిల్లాడిని ఇంటికి పంపడమే దారి. ఒక పాపని అలా పంపాం, ఇల్లు ఇంకా కుదుటపడలేదని అందరికీ తెలుసు. రెండు నెలలకి తిరిగొచ్చింది. కొత్త నంబర్‌తో, కొత్త కేసుగా. మొదటిది ‘సఫలం’ కిందే ఉండిపోయింది. మీరు చెప్పే మంచి లెక్క కూడా ఆ తెర మీదికే వస్తుంది కదా?

నిప్పుకణిక:
ఇంతకీ ఇద్దరూ ఆ స్కోర్లు వద్దనేగా అనేది?

లెక్కలమాస్టారు:
మీరు కాసేపు ఆగండి బాబూ. మేడం, తిరిగొచ్చిన బిడ్డకి పాత నంబరే ఉంటే ఆ మోసం తెర మీదే బయటపడేది. రెండో నంబర్ ఎవరిచ్చారు?

పాతఫైలు:
నేనే. పాత కేసు తెరిస్తే మళ్లీ ఎరుపు వస్తుందన్నారు.