పొద్దున స్టీమ్ వదలగానే లైన్ దబదబా కొట్టుకుంటా ఉండాది, ఏం చేయాల?

నెల్లూరు_మిల్లు: మాది నెల్లూరు పక్కన ఉప్పుడు బియ్యం మిల్లు. ఊక బాయిలర్, ఏడు కేజీల ప్రెజర్. బాయిలర్ నుంచి డ్రయ్యర్ దాకా 60 మీటర్ల లైను, నాలుగంగుళాల పైపు. పొద్దున మెయిన్ వాల్వు తిప్పగానే లోపల సుత్తితో కొట్టినట్టు శబ్దం. మొన్న డ్రయ్యర్ దగ్గర ఫ్లాంజ్ గాస్కెట్ (పైపుల అతుకు మధ్య ప్యాకింగ్) పోయింది. ఎవరికీ తగల్లేదు గానీ నాకు నిద్ర పట్టట్లేదు. రెండోది, పుట్టికి ఊక ముందుకన్నా ఎక్కువ పోతా ఉండాది. మూడోది, ఇన్సులేషన్‌కి గ్లాస్ ఊల్ మేలా, రాక్ ఊల్ మేలా?

కావలి_ఫిట్టర్: అన్నా, లైన్లో నీళ్లు నిలిచాయి. రాత్రి పైపు చల్లారితే మిగిలిన ఆవిరంతా నీరవుతాది. నువ్వు వాల్వు ఒక్కసారి తిప్పితే ఆవిరి ఆ నీటిని తోసుకుంటా పోతాది. ఆవిరి సెకనుకి 25, 30 మీటర్లు పోతాది, నీటి ముద్ద ఆ వేగంతో బెండుకో వాల్వుకో తగిలితే క్యాస్ట్ ఐరన్ నిలబడదు. రొయ్యల మేత తయారుచేసే చోట మా అన్న నా కళ్లముందే పడిపోయాడు. వాల్వు పైభాగం ఎగిరిపోయి ఆవిరి చేతి మీద కొట్టింది. ఆరు నెలలు ముద్ద కలుపుకోలేకపోయాడు. అప్పట్నుంచి డ్రెయిన్ తెరవకుండా నేను మెయిన్ వాల్వు ముట్టుకోను. డ్రెయిన్లన్నీ తెరువు, వాల్వు కొద్దిగా వదులు, నీళ్లు ఆగి ఆవిరి మాత్రమే వచ్చేదాకా అక్కడే నిలబడు. నీళ్లని వదిలి ఆవిరిని ఆపే ట్రాప్ ఉంటాది కదా, దాన్ని తప్పించి పోయే పక్క దారి, ఆ బైపాస్ కూడా ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంచు.

సెకండ్_క్లాస్_ఆపరేటర్: చివరి మాట తప్ప అంతా ఒప్పుకుంటా. ఆ బైపాస్ వల్లే ఊక పోతోంది. ఏడు కేజీల దగ్గర 3 మిల్లీమీటర్ల సందు ఉంటే గంటకి 20 కిలోలకు పైనే ఆవిరి పోతుంది. రోజుకి 20 గంటలు నడిస్తే 400 కిలోలు. కిలో ఊకకి మూడు కిలోల ఆవిరి వేసుకున్నా 130 కిలోల ఊక ఆ ఒక్క సందులోనే పోయినట్టు.

కావలి_ఫిట్టర్: నాలుగు కాయిళ్లకి (ఆవిరి తిరిగే గొట్టాల చుట్టలకి) ఒకటే ట్రాప్ ఉన్న డ్రయ్యర్లలో నేను పనిచేశా. బైపాస్ మూస్తే రెండు కాయిళ్లు చల్లబడతాయి, ధాన్యం పచ్చిగా దిగుతాది. ఓనరు తిట్టేది నన్ను, నిన్ను కాదు.

సెకండ్_క్లాస్_ఆపరేటర్: నాలుగింటికి ఒకటి పెట్టడమే తప్పు. ఒక కాయిల్ ఆవిరి వచ్చి ట్రాప్‌ని మూసేస్తే పక్క కాయిల్ నీళ్లకి దారి ఉండదు. కాయిల్‌కో ఫ్లోట్ ట్రాప్ (నీళ్లు చేరితే లోపలి బంతి తేలి తెరుచుకునేది) పెట్టాల. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాస్తా ఉండావు. 18 ఏళ్లు బాయిలర్ ముందు నిలబడినోణ్ణి, నాకు చెప్పొద్దు.

కావలి_ఫిట్టర్: బాయిలర్ ముందు నిలబడితే డ్రయ్యర్ కనపడదు సామీ. ఆ మూడు ట్రాపులకి డబ్బులు ఫిట్టర్ పెట్టుకోవాల్నా? ఓనరు కొననంటే ధాన్యం చెడకుండా చూడడానికి నాకున్న దారి అదొక్కటే.

ఒంగోలు_పొగాకు: మీ ఇద్దరి అరుపుల్లో ఆ కండెన్సేట్, అదే ఆవిరి చల్లారి అయిన నీళ్లు, ఎటు పోతుందో అడిగినోళ్లు లేరు. మా పొగాకు ప్లాంటులో ఒకప్పుడు అంతా కాలవలోకే. ఏడు కేజీల కండెన్సేట్ బయటికి రాగానే 13 శాతం దాకా మళ్లీ ఆవిరవుద్ది, మిగిలేది మరిగే నీళ్లు, అదీ ఉప్పు లేని నీళ్లు. బాయిలర్‌కి పోయే నీళ్లు ఆరు డిగ్రీలు వేడెక్కితే ఇంధనం ఒక శాతం తగ్గుద్ది. 30 డిగ్రీల బోరు నీళ్ల బదులు 80 డిగ్రీలవి వేస్తే ఎంత మిగులుద్దో లెక్కేసుకోండి. ధాన్యంలోకి వదిలిన ఆవిరి ఎట్టాగూ తిరిగి రాదు, డ్రయ్యర్ కాయిళ్లది వచ్చుద్దిగా!

థర్మల్_సీనియర్: నేలటూరు కరెంటు ప్లాంటులో 800 మెగావాట్ల సూపర్ క్రిటికల్ యూనిట్ల లైన్లు చూసినవాణ్ణి. అక్కడ ప్రెజర్ 221 బార్లకు పైనే. అంత ప్రెజర్ దగ్గర లీకు కంటికి కనపడదు, చీపురు ముందు పెట్టుకుని నడుస్తారు, పుల్లలు తెగితే లీకు అక్కడే. మీ 60 మీటర్ల లైన్లో లూపు, అంటే పైపు సాగితే సర్దుకునే వంపు, ఉందా? 30 నుంచి 170 డిగ్రీలకి వెళ్తే ఆ పైపు పది సెంటీమీటర్లు సాగుతుంది. రెండు చివరలూ బిగిస్తే ఆ పది సెంటీమీటర్లు ఎటు పోవాలి? సపోర్టును విరుస్తుంది, లేదా వంగి దిగుతుంది. దిగినచోట నీళ్లు నిలుస్తాయి. తాడు కట్టి చూడండి.

ఒంగోలు_పొగాకు: వెల్డింగ్ ఎవరు చేశారో కూడా చెప్పండి. 3.5 కేజీలు దాటిన స్టీమ్ పైపు ఐబీఆర్ (ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్) కిందికి వచ్చుద్ది. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది. గేట్లు వెల్డింగ్ చేసే అతనితో అతికించిన పైపు కింద మనుషులు తిరుగుతున్నారంటే నాకు వణుకు పుడుద్ది.

నెల్లూరు_మిల్లు: అందరికీ దండాలు. నిన్న బాయిలర్ ఆపి లైనంతా నడిచా. తాడు కడితే 40 మీటర్ల దగ్గర క్లాంపు విరిగి పైపు నాలుగు వేళ్లు దిగి ఉండాది. లూపు లేదు. అక్కడ డ్రెయిన్ కూడా లేదు. ఉన్న ఒక్క డ్రెయిన్ చివర్లో, దాని స్ట్రెయినర్ (చెత్త ఆపే జాలీ) విప్పితే నల్లటి తుప్పు ముద్ద, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే గానీ రాలా. జాలీ కన్నాలు ఒక్కటీ కనపడలా. ఈ పొద్దున కావలి అన్న చెప్పినట్టే డ్రెయిన్ తెరిచి వాల్వు కొద్దిగా వదిలి నిలబడ్డా. 22 నిమిషాలు పట్టింది. రెండుసార్లు చిన్నగా టకటకమంది, అంతే. బైపాస్ మూశా, మూడో కాయిల్ చల్లబడింది. విడి ట్రాపులకి రేటు అడిగా. మధ్యలో డ్రెయిన్ పాకెట్ (నీళ్లు దిగి చేరడానికి పైపు కింద పెట్టే ముక్క) ఎంత సైజు పెట్టాల?

సెకండ్_క్లాస్_ఆపరేటర్: నాలుగంగుళాల పైపుకి పాకెట్ కూడా నాలుగంగుళాలే. అరంగుళం ముక్క అతికిస్తే నీళ్లు దాని మీదుగా దూకిపోతాయి. ట్రాప్ లైను పాకెట్ పక్కనుంచి తీయి. అడుగున తుప్పు చేరుతుంది, అక్కడ విడిగా వాల్వు పెట్టి వారానికోసారి వదులు. ముందు ఆ క్లాంపు కట్టించు, లూపు వేయించు. అప్పటిదాకా ఆ లైను కింద ఎవర్నీ తిరగనీకు.

కావలి_ఫిట్టర్: పాకెట్ సంగతి ఆయన చెప్పింది కరెక్టే. బైపాస్ మాత్రం ట్రాపులు వచ్చేదాకా సన్నగా తెరువు అన్నా, లేకపోతే ఈ వారం ధాన్యం పచ్చిగానే దిగుతాది.