ప్యాకెట్ల అడుగున మిగిలిపోయే కాఫీ గింజలు మీరేం చేస్తున్నారు?

పొద్దుటి_కప్పు:
అందరికీ నమస్తే. మా ఇంట్లో కాఫీ తాగేది ఇద్దరమే, గింజలు తెచ్చుకుని ఎప్పటికప్పుడు హ్యాండ్ గ్రైండర్‌లో పొడి చేసుకుంటాం. సమస్య ఏంటంటే ప్రతి ప్యాకెట్ అడుగునా 8 గ్రాములో 10 గ్రాములో మిగిలిపోతాయి, అది ఒక కప్పు పోర్ ఓవర్‌కి (ఫిల్టర్ కాగితంలో పొడి వేసి పైనుంచి వేణ్ణీళ్ళు పోసి దించే కాఫీ) కూడా చాలదు, ఈలోపు కొత్త ప్యాకెట్ వచ్చేస్తుంది, పాతదానికి క్లిప్ పెట్టి పక్కన పడేస్తాం. ఇప్పుడు అల్మారాలో అరకు అరబికా మీడియం రోస్ట్ కొంచెం, చిక్‌మగళూరు లైట్ రోస్ట్ కొంచెం, కూర్గ్ రోబస్టా డార్క్ రోస్ట్ కొంచెం ఉన్నాయి. అరకులో సిల్వర్ ఓక్ చెట్ల నీడన, వాటి మీదకి మిరియాల తీగలు పాకి ఉంటాయి కదా, ఆ తోటల్లో పండిన పండు వరకే ఏరి చేత్తో కోస్తుంటే చూశాను, అప్పట్నుంచి ఒక్క గింజ పారెయ్యాలన్నా మనసొప్పట్లేదు. అన్నీ కలిపి పొడి కొట్టేసి తాగొచ్చా, లేక రుచి చెడుతుందా?

డికాషన్_ఇల్లు:
నిక్షేపంగా తాగొచ్చండి, కాకపోతే పోర్ ఓవర్‌లో కాదు, మన స్టీల్ ఫిల్టర్‌లో వెయ్యండి. అసలు మనం కొట్లో కొనే ఫిల్టర్ కాఫీ పొడే అరబికా, రోబస్టా కలిపింది కదా, వాసన అరబికాది, చిక్కదనం రోబస్టాది. మీ దగ్గర రెండూ ఉన్నాయి. మొత్తం 20 గ్రాములైతే చాలు, పోర్ ఓవర్ కంటే కొంచెం మెత్తగా పొడి చేసి, పైగిన్నెలో వేసి తేలిగ్గా అదిమి, మరిగి దించిన నీళ్ళు ముందు కాసిని పోసి పొడి తడిశాక మిగతావి పొయ్యండి, మొత్తం ఒక 120 ఎంఎల్ సరిపోతాయి. చికోరీ అలవాటుంటే అయిదో వంతు కలుపుకోండి, రోబస్టా ఎక్కువ పడితే అదీ అక్కర్లేదు. పాలు కలిశాక ఆ చిన్న చిన్న తేడాలు ఎవరికీ తెలీవు.

మిక్సీ వాడేవాళ్ళకి ఒక మాట: చిన్న జార్‌లో మసాలా వాసన ఉండిపోతుంది, ముందు గుప్పెడు బియ్యం తిప్పేసి తుడిస్తే పోతుంది. గింజలు ఆపి ఆపి తిప్పండి, ఏకబిగిన తిప్పితే పొడి వేడెక్కి వాసనంతా మూత తియ్యగానే పోతుంది.

గింజ_గ్రైండర్:
పై మాటతో సగమే ఒప్పుకుంటాను. లైట్ రోస్ట్‌ని మాత్రం డార్క్‌తో కలపొద్దు. లైట్ గింజ గట్టిగా ఉంటుంది, చేత్తో తిప్పేవాళ్ళకి ఆ తేడా మణికట్టుకే తెలుస్తుంది, డార్క్‌ది బాగా వేగి గుల్లబారి ఉంటుంది కాబట్టి సారం తొందరగా దిగిపోతుంది. ఒకే నీళ్ళల్లో ఒకటి చేదెక్కుతుంటే ఇంకోటి పుల్లగానే ఉండిపోతుంది. పాలు పోస్తే కప్పడిపోతుందేమో గానీ అంత మంచి చిక్‌మగళూరు గింజ అలా ఎందుకు పోవాలి? దాన్ని అరకు మీడియంతో కలిపి కోల్డ్ బ్రూ పెట్టండి, 20 గ్రాములు బరక పొడి, 160 ఎంఎల్ చల్లనీళ్ళు, గాజు సీసాలో కలిపి మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున వడకట్టడమే. చల్లనీళ్ళల్లో నెమ్మదిగా దిగుతుంది కాబట్టి గింజల మధ్య తేడా అంతగా బయటపడదు.

బాగా పాతబడినవైతే ఇంకో పనికి దాచుకోండి, గ్రైండర్‌ సెట్టింగ్ మార్చినప్పుడు కొత్త గింజలు వృథా చెయ్యకుండా వీటితో తిప్పి చూసుకోవచ్చు.

పాయసం_గిన్నె:
మా ఇంట్లో ఇలాంటివన్నీ పాలల్లోకే పోతాయి. గింజలు పొడి చెయ్యకండి, దంచనూ వద్దు, అలాగే 20 గ్రాములు అర లీటరు చిక్కటి పాలల్లో వేసి వేడిచేసి, పొంగు రాకముందే దించి, చల్లారాక రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున వడకడితే పాలు దాదాపు తెల్లగానే ఉంటాయి, చూస్తే మామూలు పాలే అనుకుంటారు, నోట్లో పెట్టుకుంటే మాత్రం కాఫీ వాసన గుప్పుమంటుంది, చేదు ఉండీ లేనట్టు. ఆ వాసన పట్టుకునేది వెన్నే కాబట్టి వెన్న తీసిన పాలతో ఇంత బాగా రాదు. ఆ పాలతో సేమ్యా పాయసం చేస్తే యాలకులు వెయ్యకండి, కాఫీని మింగేస్తాయి. కుల్ఫీకి ఇంకా బాగుంటుంది. దీనికి లైట్, డార్క్ ఏదైనా పర్లేదు, నాకైతే మీడియం ఇష్టం.

పొద్దుటి_కప్పు:
అందరికీ చాలా థాంక్స్, రోబస్టా, కొంచెం అరకు ఫిల్టర్‌కి, మిగతాది కోల్డ్ బ్రూకి అనుకుంటున్నా. కుల్ఫీ పిల్లలకి పెట్టొచ్చా? ఇంకోటి, గింజ పాడైందని ఎలా తెలుస్తుంది?

పాయసం_గిన్నె:
గింజల్లోంచి కెఫీన్ కొంత పాలల్లోకి దిగుతుందండి, అందుకే నేను చిన్నపిల్లలకి పెట్టను, వాళ్ళకి విడిగా బాదం కుల్ఫీ చేస్తా. వడకట్టిన గింజలు మళ్ళీ కాఫీకి వాడొద్దు, పాల తడికి పులిసిపోతాయి.

గింజ_గ్రైండర్:
నాలుగు గింజలు నలిపి వాసన చూడండి. వాసన తగ్గిందంతే అయితే పైన చెప్పినవన్నీ చెయ్యొచ్చు, మాడిన నూనె కంపు, పాత పల్లీల ముక్క వాసన వస్తే మాత్రం మొక్కల కంపోస్ట్‌లో వేసెయ్యండి. ఇకముందు మిగిలినవి మిగిలినట్టు ఆ రోజే చిన్న జిప్ కవర్‌లో గాలి పిండేసి, పైన రోస్ట్ పేరు, తేదీ రాసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా కవర్ విప్పకండి, విప్పితే గింజల మీద చెమ్మ పట్టేస్తుంది.