పక్కింటి కుక్క కోళ్లను చంపితే తప్పు ఎవరిది? కోళ్లను వదిలినవాళ్లదా, కుక్కను వదిలినవాళ్లదా?

గంప_కింద_కోడి:
మాది కోనసీమ వైపు. పెరట్లో 14 నాటుకోళ్లు, ఒక డేగ పుంజు ఉండేవి. మొన్న ఆదివారం తెల్లారకముందే పక్కింటి మావయ్యగారి కుక్క (సొంత మావయ్య కాదు, వరసకి) తడిక తోసుకుని వచ్చి 4 పెట్టల్ని, పుంజుని చంపేసింది. ఒక్కదాన్ని కూడా తినలేదు. రెండు అరటి బోదెల దగ్గర, ఒకటి బావి పక్కన, పుంజు గుమ్మం ముందే. పొదుగు మీదున్న పెట్ట మాత్రం లేవకుండా గంపలోనే చచ్చిపోయింది, దాని కింద 9 గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. అమ్మ వాటిని తీసి ఇంకో పెట్ట కింద పెడితే అది పొడిచి తోసేసింది.

మావయ్యగారిని అడిగితే "కుక్కన్నాక కోడిని చూస్తే ఊరుకుంటుందా, నీ కోళ్లు మా వడ్లు తిన్నప్పుడు నేనేమైనా అన్నానా, గూట్లో పెట్టుకో" అన్నారు. పుంజు ఒక్కటే 20 వేలు పలికేది. డబ్బు అడిగే హక్కు మాకు ఉందా? తమ్ముడేమో అన్నంలో పురుగుమందు గుళికలు కలిపి గోడవతల పడేద్దాం అంటున్నాడు.

సూటిగా_చెప్తా:
తమ్ముడు చెప్పిందే కరెక్ట్. కుక్కని చంపితే 50 రూపాయలు ఫైన్ అంతే, ఎక్కడో చదివా. నీ పుంజు ఖరీదులో ఎన్నో వంతో లెక్కేసుకో.

వాయిదాల_రావు:
ఆ 50 రూపాయలు 1960 నాటి జంతుహింస నిరోధక చట్టంలోది, అది చదివి ధైర్యం తెచ్చుకున్నవాళ్లను నేను చాలామందిని చూశా. అసలు భయపడాల్సింది భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్‌కి. విషం పెట్టి గానీ ఇంకోలా గానీ జంతువును చంపితే 5 ఏళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీలో 428, 429 అని రెండు సెక్షన్లు, పది రూపాయల విలువ, యాభై రూపాయల విలువ అని లెక్కలు ఉండేవి. దాని స్థానంలో ఈ సంహిత వచ్చిన 2024 జులై 1 నుంచి ఆ లెక్కలు లేవు, ఏ జంతువైనా ఒకటే. పైగా గుళికల అన్నం ఆ కుక్కే తింటుందని గ్యారంటీ ఏముంది? మీ మిగతా కోళ్లు తినొచ్చు, వీధిలో పిల్లలు ముట్టుకోవచ్చు. ఇవాళ బాధితులు మీరు, రేపు ముద్దాయిలు మీరే అవుతారు.

సూటిగా_చెప్తా:
అంటే కుక్కకి చట్టం ఉంది, కోడికి లేదు. బాగుంది.

వాయిదాల_రావు:
325 కోడికీ వర్తిస్తుంది. కాకపోతే అందులో ఉద్దేశం ఉండాలి, లేదా నష్టం జరుగుతుందని తెలిసి చేసి ఉండాలి. మావయ్యగారు ఉసిగొల్పి వదిలితే కేసు, తడిక తోసుకుని దానంతటది వస్తే కష్టం. జంతువును నిర్లక్ష్యంగా వదిలేసినందుకు అదే సంహితలో 291 ఉంది కదా అంటారు కొందరు. ఉంది, 6 నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ. కానీ అది మనుషుల ప్రాణానికి, తీవ్ర గాయానికి ముప్పు ఉన్నప్పుడు మాత్రమే, కోళ్ల కోసం రాసింది కాదు. బందెలదొడ్డిలో (చేలో పడ్డ పశువుల్ని కట్టేసే చోట) పెట్టిద్దామా అంటే 1871 నాటి పశువుల అతిక్రమణ చట్టంలో ఏనుగు నుంచి పంది దాకా ఉన్నాయి, కుక్క లేదు. నవ్వొచ్చేదేంటంటే కోడి కూడా లేదు, కాబట్టి మీ కోళ్లు వడ్లు తిన్నాయని ఆ చట్టం కింద ఆయన చేసేదీ ఏమీ లేదు.

మల్లెపాదు:
కుక్క ఉన్నవాళ్ల తరఫున కూడా ఒక మాట. మా పక్కింటి కోళ్లు పొద్దున్నే వచ్చి తోటకూర మడి మొత్తం గీకేస్తాయి, మొన్న వేసిన మల్లె అంటు వేళ్లతో సహా బయట పడింది, అడిగితే "కోళ్లకేం తెలుసండీ" అని నవ్వుతారు. కుక్కకి మాత్రం అన్నీ తెలియాలా? రాత్రి కట్టేస్తే ఇంక కుక్క ఎందుకు. గోడ లేకుండా కోళ్లు పెంచేవాళ్లకు కూడా బాధ్యత ఉండాలి.

గంప_కింద_కోడి:
మీ మల్లె పాదుకి సారీ అండీ, కానీ మా కోళ్లు చచ్చింది మా పెరట్లో, మీ మడిలో కాదు.

ఆరు_పెట్టల_అక్క:
మాది సిద్దిపేట దగ్గర. తమ్ముడూ, ముందు ఆ కుక్కే అని నీకు ఖాయంగా తెలుసా? నేనొకసారి పెద్దనాన్న వాళ్ల కుక్క మీద ఊరంతా ఎక్కేట్టు అరిచి, మూడో రోజు ముంగిస దొరికితే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముంగిస మెడ దగ్గర కొరికి ఒకటో రెండో తీసుకెళ్లి తింటుంది. కుక్క అయితే నువ్వు చెప్పినట్టే, తరిమి, విదిలించి, ఆట అయిపోగానే వదిలేస్తుంది, ఈకలు పెరడంతా. ఆ రుచి మరిగింది మళ్లీ వస్తుంది, ఆపదు.

గూటికి సన్న తీగ కోళ్ల జాలీ మాత్రం కొట్టకు, అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది గానీ కుక్క పళ్లకి దారప్పోగు. వెల్డింగ్ జాలీ కొట్టించు, కింద అడుగున్నర బయటికి మడిచి నేల మీద పరిచి మట్టి, రాళ్లు కప్పు. కుక్క గోడ మొదట్లోనే తవ్వుతుంది, గోరుకి జాలీ తగిలితే వదిలేస్తుంది, వెనక్కి జరిగి తవ్వాలనే తెలివి దానికి రాదు. తలుపుకి గొళ్లెం రెండు. చీకటి పడకముందే లోపల వేసి తెల్లగా తెల్లవారాకే వదులు. మాది అంతా కలిపి ఒక మంచి పుంజు ఖరీదు కూడా కాలేదు.

వాయిదాల_రావు:
అక్క మాట వినండి. హక్కుల సంగతికొస్తే, మీ దారి సివిల్, అంటే నష్టపరిహారం అడగడం. అక్కడ అసలు ప్రశ్న ఒక్కటే: ఆ కుక్క కోళ్ల మీద పడుతుందని యజమానికి ముందే తెలుసా? మొదటిసారి "నాకేం తెలుసు" అని తప్పించుకోవచ్చు. అందుకే ఈసారి జరిగింది తేదీతో కాగితం మీద రాసి, ఫోటోలు జతచేసి, ఒక సాక్షి ముందు ఇవ్వండి. రెండోసారి జరిగితే ఆ మాట చెల్లదు. పశువుల డాక్టర్‌తో కుక్క కాట్లే అని రాయించుకుంటే ఇంకా మంచిది. కోర్టు దాకా వెళ్లక్కర్లేదు, న్యాయసేవా సంస్థకు 15100 కి ఫోన్ చేస్తే లోక్ అదాలత్ దారి చెబుతారు, ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అవార్డు (అక్కడి తీర్పు), ఒప్పుకున్నాక అది కోర్టు డిక్రీతో సమానం, అప్పీల్ ఉండదు.

ఇక ఆ 20 వేల పుంజు. ఎందుకంత ఖరీదు అని అడిగితే ఏం చెబుతారు? బాదం పప్పు, కైమా పెట్టి సంక్రాంతి బరికి సిద్ధం చేశాననా? కోడిపందెం నేరం అని మర్చిపోయి కోర్టులో మీరే ఒప్పుకున్నట్టవుతుంది. కూరకోడి రేటు అడగండి.

సూటిగా_చెప్తా:
ఇది మాత్రం నిజం 😂

చెరువుగట్టు:
మా వీధిలో ఇంకో తలనొప్పి. రోజూ అన్నం పెట్టేది ఎదురింటావిడ, కోళ్లు పోతే "అది వీధి కుక్క, నాది కాదు" అంటుంది. పంచాయతీకి చెబితే పట్టుకుపోతారా?

వాయిదాల_రావు:
పెంపుడు కుక్కకి టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ యజమాని బాధ్యత, వీధి కుక్కకి స్థానిక సంస్థది, 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేది ఇదే. పట్టుకుపోయినా అవి చేసి మళ్లీ అక్కడే వదులుతారు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవి, మీదపడే స్వభావం ఉన్నవి తప్ప మిగతావాటిని పట్టిన చోటే వదలమంది. అన్నం పెట్టినంత మాత్రాన యజమాని అని తేల్చడం కష్టం. పట్టీ కట్టిందా, రాత్రి వాళ్ల అరుగు మీదే పడుకుంటుందా, టీకా ఎవరు వేయించారు, ఇవి చూడండి. నాకైతే పెట్టేవాళ్లకి కొంత బాధ్యత ఉండాలనే అనిపిస్తుంది, అది నా అభిప్రాయం.

గంప_కింద_కోడి:
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నా. జాలీ వేయించాను. మరుసటి రాత్రే వచ్చి మూల దగ్గర గీకి పోయింది, మట్టి మీద గోళ్ల గుర్తులు ఫోటో తీశా. తమ్ముడి దగ్గరున్న పొట్లం అమ్మ తీసి పొలంలో షెడ్డులో పెట్టి తాళం వేసింది. మావయ్యగారికి కాగితం ఇచ్చాను, చదివి మడిచి జేబులో పెట్టుకుని ఏమీ అనలేదు, సాయంత్రం 2 వేలు, రెండు కన్నెపెట్టలు పంపించారు. కుక్కకి గొలుసు వచ్చింది. వడ్లు ఎత్తేదాకా కోళ్లను వదలొద్దన్నారు, సరే అన్నాం. పుంజు మాట ఎవరూ ఎత్తలేదు. కానీ "నోటితో అడిగితే ఇవ్వనా, కాగితం ఎందుకు రాయించావు" అని అత్తయ్యగారు ఇప్పటికీ అమ్మతో మాట్లాడటం లేదు.