1500 నాటి స్వేదన పుస్తకం: బ్రున్‌ష్విగ్ సొంతంగా రాశాడా, పోగేశాడా?

పన్నీరు:
స్ట్రాస్‌బర్గ్ సర్జన్ హీరోనిమస్ బ్రున్‌ష్విగ్ రాసిన స్వేదన (వేడిచేసి, ఆవిరిని చల్లార్చి అర్కం తీసే పని) గ్రంథాన్ని 1500 మే నెలలో గ్రూనింగర్ అచ్చువేశాడు. పేరు లాటిన్‌లో ఉన్నా లోపలంతా జర్మనే. "పాత వైద్యుల మాటలు పోగేసిన పుస్తకం, అంతే" అని చాలామంది తీసిపారేస్తారు. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

ఆకుపసరు:
పన్నీరు గారూ, నేను ఆ చాలామందిలో ఒకడిని. 1470ల్లోనే ఆగ్స్‌బర్గ్‌లో వియన్నా వైద్యుడు ష్రిక్ రాసిన చిన్న పుస్తకం అచ్చయింది. అదీ జర్మనే, అందులోనూ మూలికల నుంచి తీసిన నీళ్ల గురించే ఉంది. ఇక బ్రున్‌ష్విగ్ పుస్తకంలో మొక్కల బొమ్మలు చూడండి. బొమ్మ చెక్కి అచ్చుకు వాడే ఒకే చెక్క దిమ్మెను వేర్వేరు మొక్కలకు వాడేశారు. మందు మొక్కల విషయంలో ఇలా చేస్తే ప్రాణాల మీదకు రాదా?

పన్నీరు:
ష్రిక్ ఏ నీరు ఏ జబ్బుకో చెప్పాడు. ఆ నీరు ఎలా తీయాలన్నది బ్రున్‌ష్విగ్ దగ్గరే వివరంగా దొరుకుతుంది. కొలిమి ఎలా కట్టాలి, గాజు పాత్రలు ఎలా ఉండాలి, అన్నీ బొమ్మలతో సహా ఉన్నాయి. పాత్రను నీళ్లలో, బూడిదలో, ఇసుకలో పెట్టి వేడి చేయడం, లేదా నేరుగా మంట మీద పెట్టడం ఒక పద్ధతి. మంటే లేకుండా ఎండలోనో, గుర్రపు పేడ వేడిలోనో ఉంచడం ఇంకొకటి. చదివినవాడు ఇంటి దగ్గర కట్టుకోగలడు. ఊళ్లో వైద్యుడు లేనివాడికి అదెంత పెద్ద విషయం!

రసశాల:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. మా తాతగారు ఇంట్లో వాము అర్కం తీసేవారు. మంట కాస్త ఎక్కువైతే అర్కమంతా మాడు వాసనే, ఆ రోజు పని మొత్తం వృథా. పాత్రను నీళ్లలో పెడితే వేడి మరిగే నీటిని దాటదు కాబట్టి ఆ టెన్షన్ ఉండదు. చేత్తో చేసినవాళ్లకే ఇలాంటివి తెలుస్తాయి. ఈ పద్ధతులు బ్రున్‌ష్విగ్ కనిపెట్టినవి కావు, అంతకు ముందువే. అయినా ఏ వేడి ఎప్పుడు వాడాలో వరసగా విడమరిచి రాయడం నా దృష్టిలో పోగేయడం కాదు.

ఆకుపసరు:
సరే, కొలిమి సంగతి ఒప్పుకుంటాను. బొమ్మల మాటేమిటి?

పన్నీరు:
బొమ్మల కన్నా రాతను చూడమని బ్రున్‌ష్విగే హెచ్చరించాడు. బొమ్మలు కంటికి విందు మాత్రమేనట, చదవడం రాయడం రానివాళ్లకు తెలియడానికట.

ఆకుపసరు:
నా బాధ కూడా సరిగ్గా అదే అండీ! చదువు రానివాడు బొమ్మనే నమ్ముకుంటాడు. ఆ హెచ్చరిక అతనికి ఎవరు చదివి చెబుతారు? అదే స్ట్రాస్‌బర్గ్‌లో 1530లో బ్రున్‌ఫెల్స్ మూలికల పుస్తకం వచ్చింది. దానికి వైడిట్జ్ అసలు మొక్కలను ఎదురుగా పెట్టుకుని, వాడిపోయిన ఆకులతో సహా గీశాడు. చేయాలనుకుంటే చేయొచ్చని తేలిపోయింది కదా.

పన్నీరు:
నిజమే, ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. మొక్కల భాగాన్ని ఇక సమర్థించను. కానీ 1527లో లండన్‌లో దీన్ని ఇంగ్లీషులో అచ్చువేశారంటే, జనానికి ఆ పని నేర్పే పుస్తకం అవసరమైందనే నేను అనుకుంటున్నాను.

ఆకుపసరు:
పని నేర్పే పుస్తకమంటే నాకూ అభ్యంతరం లేదండీ. ఏ మొక్క వేయాలో మాత్రం దాన్ని అడగొద్దు.