అధ్యక్షుడి సంతకం తేదీ ఎక్కడ దొరుకుతుంది? అర్జెంట్

వర్జీనియా నాన్న:
సాయంత్రం ఆరింటికి కూర్చున్నా, ఇప్పుడు పది దాటింది. మా అమ్మాయి సివిక్స్ ప్రాజెక్టు, రేపే ఇవ్వాలి. 'ఒక బిల్లు ప్రయాణం' అని చార్ట్ గీయాలట. హోలోకాస్ట్ మృతుల సంస్మరణ సభను కాపిటల్ భవనంలో జరుపుకోవడానికి అమెరికా కాంగ్రెస్, అంటే ఇక్కడి పార్లమెంటు, ఇచ్చే అనుమతి ఉంది కదా, దాన్ని ఎంచుకుంది. హౌస్ ఆమోదించిన తేదీ దొరికింది, సెనేట్‌దీ దొరికింది. అధ్యక్షుడు సంతకం చేసిన తేదీ ఎక్కడా లేదు. చట్టం నంబరూ లేదు. సైట్ ఏమైనా పాడైందా?

రెండు ముక్కలు:
నంబరు?

వర్జీనియా నాన్న:
నంబరుతో ఏం పనండీ, తేదీ అడిగితే!

నిఘంటువు మాస్టారు:
ముందు ఒక మాట. హెడ్డింగులో 'మారణహోమం' అని మాత్రం పెట్టకండి. హోమం అంటే దేవుడికి అర్పించేది. గ్రీకులో హోలోకాస్ట్‌కు మూలార్థమూ అదే, పూర్తిగా కాల్చేసే బలి. నాజీలు 60 లక్షల మంది యూదులను చంపడం ఏ దేవుడికి అర్పణ? అందుకే యూదుల్లో చాలామంది 'షోవా' అంటారు, మహావిపత్తు అని. జెనోసైడ్ అన్న మాటేమో పోలెండ్ లాయరు రఫాయెల్ లెమ్కిన్ పుట్టించింది, 1944లో అచ్చయింది. దానికి 'జాతి నిర్మూలన' సరిపోతుంది. 'ఊచకోత' వేరు.

తెనాలి కోడలు:
మాస్టారూ, ఆయన సంతకం గురించి అడిగారు.

నిఘంటువు మాస్టారు:
చార్టుకు హెడ్డింగు అక్కర్లేదా అమ్మా?

డీసీ పాతకాపు:
సైట్ బాగానే ఉంది. నంబరు ముందు హెచ్.కాన్.రెస్. అని ఉందేమో చూడండి. ఉంటే అది బిల్లు కాదు, కంకరెంట్ రిజల్యూషన్. రెండు సభలూ ఒప్పుకుంటే అక్కడితో సరి. అధ్యక్షుడి దగ్గరికి వెళ్లదు, చట్టమూ కాదు. మన హాల్లో పేరంటానికి పక్కింటాయన సంతకం ఎందుకు? ఈ సంస్మరణ జరిగేది కాపిటల్ గుమ్మటం కింద ఉండే రొటండా హాల్లో. అది హౌస్, సెనేట్‌లలో ఏ ఒక్కదాని సొత్తూ కాదు, అందుకే రెండూ ఒప్పుకోవాలి. చదివితే నాలుగు ముక్కలే ఉంటాయి: ఫలానా రోజు సభకు వాడుకోవచ్చు, ఏర్పాట్లు ఆ భవనం బాగోగులు చూసే అధికారి, ఆర్కిటెక్ట్ ఆఫ్ ది కాపిటల్, పెట్టిన షరతుల ప్రకారం జరగాలి, అంతే. అక్కడ మొదటి సభ 1979లో జరిగింది. యూదుల క్యాలెండర్‌లో నీసాన్ నెల 27న వచ్చే హోలోకాస్ట్ సంస్మరణ దినాన్ని బట్టి తేదీ ఏటా మారుతుంది, మన ఉగాదిలాగే.

తెనాలి కోడలు:
జనవరి 27 కాదా?

డీసీ పాతకాపు:
అది ఐక్యరాజ్యసమితిది. 1945లో ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరం విముక్తి అయిన రోజు.

నిఘంటువు మాస్టారు:
కంకరెంట్‌ను 'ఉమ్మడి తీర్మానం' అందామా?

డీసీ పాతకాపు:
వద్దు సార్. జాయింట్ రిజల్యూషన్ వేరే ఉంది, దానికి సంతకం కావాలి.

రెండు ముక్కలు:
రాజ్యాంగ సవరణకైతే అక్కర్లేదు.

డీసీ పాతకాపు:
అబ్బా, సరే. అదొక్కటి తప్ప.

వర్జీనియా నాన్న:
హెచ్.కాన్.రెస్. అనే ఉంది. చివరి గడి కొట్టేశాను. పైన 'బిల్లు' అని స్కెచ్ పెన్నుతో రాసేసింది, దాని మీద కాగితం అంటించాలిప్పుడు. పాప పడుకుంది. థాంక్స్.

నిఘంటువు మాస్టారు:
'సహ తీర్మానం' ఎలా ఉంది?