ముహూర్తం చూసి కడుపు కోయిస్తే ఆ రాత ఎవరిది?

సందేహి:
చాలాకాలంగా నాకు మింగుడుపడని విషయం ఇది. తలరాత బ్రహ్మ రాస్తాడు, ఎవరూ తప్పించలేరు అంటాం. అదే నోటితో పంతులుగారికి ఫోన్ చేసి, 'ఈ వారంలో మంచి లగ్నం చూడండి, ఆపరేషన్ పెట్టించుకుంటాం' అంటాం. పుట్టిన ఘడియే రాత అయితే, ఆ ఘడియను మనమే ఎంచుకున్నాక బ్రహ్మకు మిగిలిన పనేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, దేశం మొత్తంలో 21.5. ఇవన్నీ ముహూర్తాల వల్లే అని నేననను. కానీ మనిషి నమ్మకాన్ని బట్టి నడవడు, తాను కోరుకున్నదానికి నమ్మకాన్ని తొడుగుతాడు. నేను చూసింది ఇదే.

తిథివారం:
సగం తెలిసి రాస్తే ఇలాగే ఉంటుంది. గర్భాధానానికే ముహూర్తం పెట్టే సంప్రదాయం మనది. దైవం ఎంతో పురుషకారమూ అంతే. వాన దేవుడిస్తాడని రైతు ఊరికే కూర్చుంటాడా, పదును చూసి విత్తుతాడా? లోపం వేరే చోట ఉంది. జనన సమయమంటే తల కనపడే శీర్షోదయమా, బిడ్డ పూర్తిగా బయటపడే భూపతనమా, బొడ్డు కోసే నాభిచ్ఛేదమా తేల్చకుండా, ఆసుపత్రిలో ఎవరో గోడ గడియారం చూసి రాసిన టైముకు జాతకం వేస్తున్నారు. లగ్నం సుమారు రెండు గంటలుంటుంది, సరే. అందులో తొమ్మిదో వంతైన నవాంశ పావుగంట కూడా నిలవదు.

గోదారి గట్టు:
ఎవరి నమ్మకం వాళ్ళది. మధ్యలో మీకేం నష్టం సార్?

సందేహి:
నష్టం జరిగింది కాబట్టే రాశాను. మా అమ్మాయికి 37 వారాలు నిండగానే వియ్యంకులు ముహూర్తం తెచ్చారు. ఉదయం 6.12. నొప్పుల్లేవు, ఏ ఇబ్బందీ లేదు. బాబు పుట్టాడు, డొక్కలెగరేస్తూ ఊపిరి తీశాడు. తొమ్మిది రోజులు అద్దాల పెట్టెలో ఉంచారు. మా అమ్మాయి కుట్ల నొప్పితో గోడ పట్టుకుని నడిచి వెళ్ళి, బిడ్డను అద్దంలోంచి చూసి వచ్చేది. రాజయోగ జాతకమని వాళ్ళు స్వీట్లు పంచారు.

లేబర్ రూమ్:
నేను ఇరవై రెండేళ్ళుగా నర్సుని. నొప్పులు రాకముందు, 39 వారాలు నిండకుండా కోసి తీసిన పిల్లల్లో ఈ ఆయాసం ఎక్కువగా చూస్తాం. ఊపిరితిత్తుల్లో నీరు పూర్తిగా ఇంకదు. థియేటర్ తలుపు కొట్టి 'సిస్టర్, 10.40 దాటకూడదు' అని అరిచినవాళ్ళున్నారు. ముహూర్తమని ముందే చెబితే తెల్లవారుజామున మూడింటికైనా మత్తు డాక్టరు వచ్చేవారు. నొప్పులు పడుతూ ఆటోలో దిగిన ఆడమనిషికి అదే టైములో దొరికేవారు కాదు. నాకు మనిషి మీద నమ్మకం పోయింది అక్కడే, జాతకాల దగ్గర కాదు. ఆపరేషన్ కోసం పట్టుబట్టిన అత్తగారే ఆరు నెలల తర్వాత 'నార్మల్ అయ్యుంటే పని చేసుకునేది' అని కోడల్ని దెప్పడం కూడా విన్నాను.

తిథివారం:
వారాలు తక్కువైతే తప్పు డాక్టరుది. శాస్త్రం మీద రుద్దకండి. ఇంతకీ ఆ 6.12 తల కనపడిన సమయమా, బొడ్డు కోసిన సమయమా?

సందేహి:
పసివాడికి ఊపిరాడలేదంటే మీరు అడిగేది ఇదా?

తిథివారం:
అడుగుతాను. మీ అమ్మాయి పెళ్ళికి ముహూర్తం పెట్టించారా లేదా? అప్పుడెక్కడికి పోయింది ఈ సందేహం? మా నాన్నగారు నలభై ఏళ్ళు పంచాంగం చెప్పారు. కాన్పుకు ముహూర్తం అడిగిన వాళ్ళను 'బిడ్డ వచ్చాక రండి, జాతకం రాస్తా' అని గుమ్మంలోంచే పంపేవారు. మీలాంటివాళ్ళ మాటల్లో ఆయనా దొంగే అవుతున్నారు. నా బాధ అది.

సందేహి:
పెట్టించాను. మీ నాన్నగారి గురించి మాత్రం నేను ఒక్క మాట అనలేదు. అలాంటాయన మాకు దొరికి ఉంటే బాగుండేది.

ఇద్దరు పిల్లల తల్లి:
నేనెప్పుడూ రాయను, చదివి వెళ్ళిపోతాను. నాకు జాతకాల మీద నమ్మకం లేదు. అయినా రెండో కాన్పుకు ముహూర్తం కావాలని అడిగింది నేనే. మొదటి పాప మూలా నక్షత్రంలో పుట్టింది. తండ్రికి గండమని, శాంతి చేయించేదాకా మా ఆయన్ని పాప ముఖం చూడనివ్వలేదు. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా దాని పేరే. రెండోది మంచి నక్షత్రంలో పుడితే దాన్నయినా వదిలేస్తారని నా ఆశ. సందేహిగారూ, మీ లెక్కలో నేనూ కోరికకు నమ్మకం తొడిగినదాన్నేనా?

సందేహి:
అమ్మా, మీలాంటివాళ్ళు ఉంటారని ఆలోచించకుండా రాశాను. మీ కోరికకు మీరు తొడిగింది మీ నమ్మకం కాదు, వాళ్ళది. రెండో కాన్పు ఎన్ని వారాలకు?

ఇద్దరు పిల్లల తల్లి:
39 నిండాక. అంతకుముందు కుదరదని డాక్టరమ్మ కచ్చితంగా చెప్పేసింది. ఆవిడ ఇచ్చిన నాలుగు రోజుల్లో పంతులుగారు ఒకటి చూశారు. మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు, తర్వాత ఒప్పుకున్నారు.

లేబర్ రూమ్:
అలా గట్టిగా చెప్పే డాక్టరు ఉంటే చాలావరకు ఒప్పుకుంటారు. చూశాను.

సందేహి:
మా అమ్మాయి ఆ ముందురోజు రాత్రి 'ఇంకో రెండు వారాలు ఆగుదాం నాన్నా' అంది. పెళ్ళయి ఏడాది కాలేదు, వాళ్ళతో గొడవెందుకని నేను ఊరుకున్నాను. పంతులుగారికి డబ్బు ఫోన్‌పే చేసింది కూడా నేనే. వియ్యంకుల పేరు చెప్పి ఇంతసేపూ ఈ మాట దాచాను.