బలగం చూశాక మన ఊరు కొత్తగా గుర్తొచ్చిందా?

సిద్దిపేట_పిల్ల: 2023ల బలగం సినిమా వచ్చినప్పుడు మా ఊర్ల తెర కట్టి చూపిచ్చిన్రు, దినాలకు పెట్టిన పిండం పిట్ట (కాకి) ముట్టే సీన్‌కి ముసలోళ్లంత ఏడ్సిన్రు. నేను హైదరాబాద్‌ల పెరిగిన, మా తాత దినాలప్పుడు ఇదంతా ఎందుకో అర్థం కాలే, సినిమా చూశాకనే తెలిసింది. మీక్కూడ ఇట్లైందా?

బొమ్మల_పిచ్చి: నాకైతే తోట వైకుంఠం గారి బొమ్మలు. ఎర్రచీర, పెద్ద బొట్టు, నిండుగ ఆ నల్లటి ఆడోళ్లు, అచ్చం మా అమ్మమ్మనే. ఆయన బూరుగుపల్లిల చిన్నప్పుడు చూసిన వాళ్లనే గీసిండు, బరోడాల చదివొచ్చి కూడ ఊరినే పట్టుకున్నడు, అది నాకు చాల ఇష్టం.

చేర్యాల_తొవ్వ: సినిమాకంటె ముందు మనకు చేర్యాల పటం ఉండె కదా. ఖాదీ బట్టకు చింతగింజల గంజి పట్టించి నకాషీలు (బొమ్మలు గీసేటోళ్లు) గీస్తే, కూనపులోళ్లు దాన్ని విప్పుకుంట పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేటోళ్లు. ఇప్పుడు ఎక్కువ మాస్కులు, గోడ బొమ్మలే అమ్ముతున్నయ్, కథ చెప్పేటోళ్లు దొరుకుతలేరు, నాకు బాధ అదే.

సిద్దిపేట_పిల్ల: అన్నా, కథ చెప్పేటోళ్లు మీకు ఎవరన్న తెలుసా? మా నాయినను తీస్కొని వస్త.